మాస్టారి భేష్

నోటీసు బోర్డు మీద తన పేరుకి ఎదురుగా ఉన్న సున్నాని చూసి, దాని ముందు ఒకటి చెరిగిపోయిందేమో అనుకుంది వీరవేణి. వేలితో తుడిచి కూడా చూసింది. అక్కడ ఒకటి ఎప్పుడూ లేదు. సున్నా మాత్రం తీరిగ్గా కూర్చుని చుట్టినట్టు గుండ్రంగా ఉంది. మిగతా పదకొండు మందికీ పదికి పది.

ఆ పేపరు పేరు ‘సంగీత చరిత్ర, రసాస్వాదన’. ఎం.ఏ. రెండో ఏడు వాళ్ళకి అందులో శ్రవణ పరీక్ష అని ఒకటుంటుంది. టేపురికార్డరులో ఐదు పాటలు వినిపిస్తారు. ఒక్కోటీ ఏ రాగమో, ఆ రాగమని ఎలా పోల్చుకున్నారో రాయాలి. పదిలో నాలుగైనా రాకపోతే మార్చిలో వార్షిక పరీక్షకి కూర్చోనివ్వరు. అలా ఏడాది పోతే ఇంక చదువు చాలని, యానాం అవతల ఏటిమొగలో ఉన్న వాళ్ళమ్మ పెద్దింట్లమ్మ ముందే చెప్పి ఉంచింది.

నిజానికి ఆ పరీక్ష తప్పడం అంత తేలికైన పని కాదు. పదేళ్ళుగా అదే టేపు, అవే పాటలు, అదే వరస. ఎ సైడు రెండో ఏడు వాళ్ళకి, బి సైడు మొదటేడు వాళ్ళకి. హాస్టలు ఖాళీ చేసే సీనియర్లు బకెట్టూ, ఇస్త్రీపెట్టే ఇచ్చి వెళ్ళినట్టే ఒక చీటీ కూడా జూనియర్లకి అప్పగించి వెళతారు. ‘మో-క-తో-సా-ఖ’ అని ఉంటుంది దాని మీద. మోహన, కళ్యాణి, తోడి, సావేరి, ఖరహరప్రియ. ఒక్కోదాని కింద పోల్చుకున్న కారణం కూడా రెండు ముక్కల్లో రాసి ఉంటుంది. సంగీతం మీద ఎంత గౌరవమో ఆ పిల్లలకి, చీటీని మడతలు పడకుండా దేవుడి పటం వెనకాల దాచుకుంటారు.

ఆ చీటీ వీరవేణికీ వచ్చింది. ఆ అమ్మాయి చేసిన తప్పల్లా పరీక్ష రోజు టేపు వినడం.

“నీకూ ఇచ్చాను కదే చీటీ! కళ్ళు మూసుకుని రాసినా పది వచ్చేవి,” అంది రూమ్మేటు లావణ్య.

“కళ్ళు మూసుకునే కూర్చున్నాను. అందుకే వినపడింది. మొదటి పాట మోహన కాదు, హిందోళం. రెండోది కానడ. మనకి వేసింది బి సైడే, పోయినేడాది మనం రాసిందే. నువ్వు వినలేదూ?”

“నేను రెండో పాట అవ్వకుండానే పేపరిచ్చి వచ్చేశాను. పొద్దున్న టిఫిను కూడా తినలేదు. ఏం వింటాం?” అని, లావణ్య కాస్త గొంతు తగ్గించి, “వెళ్ళి మాస్టారి కాళ్ళ మీద పడు. ఆయన మంచాయన. ఎవరినీ కాదనరు,” అంది.

చంద్రరావు మాస్టారు నిజంగానే ఎవరినీ కాదనేవారు కాదు. వచ్చే జూన్‌లో రిటైరవుతారు. టేపులో ఆ పాటలు పాడింది కూడా ఆయనే. గొంతు బాగున్న రోజుల్లో గడియారం ముందు పెట్టుకుని, ఒక్కో పాటా సరిగ్గా నాలుగు నిమిషాలకి తెంచి పాడి రికార్డు చేయించారట. రెండేళ్ళ కిందట సీటు కోసం ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు వీరవేణి ఆయన ముందే పాడింది. ఆయన ఆ పిల్ల మొహంలోకి చూస్తూ చివరిదాకా విని, “భేష్” అన్నారు. ఒక్కటే మాట. ఆ మాటని వాళ్ళ నాన్న పల్లంరాజు ఏటిమొగలో ప్రతి పడవకీ మోసుకెళ్ళి చెప్పాడు. “యూనివర్సిటీ మాస్టారు భేషన్నారంట మా అమ్మాయిని,” అని, వినే మనిషి కనపడితే చాలు.

గదిలోకి వెళ్ళేసరికి ఆయన తంబురా తీగలు విప్పి, గుడ్డ పెట్టి తుడుస్తున్నారు. ఆ అమ్మాయిని చూసి అడక్కుండానే జవాబు పత్రం తీసి ఇచ్చారు. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా రాసి ఉంది: ‘పోయిన సంవత్సరం జవాబులు. బట్టీ.’

వీరవేణికి ఒళ్ళు మండిపోయింది. అయినా పెద్దాయన ముందు తలెత్తి మాట్లాడటం అలవాటు లేక, కాగితం వైపు చూస్తూనే, “మాస్టారూ, టేపు మారిపోయిందండి. మీరు వేసింది బి సైడండి,” అంది.

“హాజరు సంగతి ఆఫీసులో అడగమ్మా,” అన్నారాయన.

“హాజరు కాదండి. టేపండి. పాటలు పోయినేడాదివి వచ్చాయండి.”

“భేష్. అలాగే కష్టపడు,” అని ఆయన మళ్ళీ గుడ్డ అందుకున్నారు.

బయటికి వచ్చేసింది. వరండాలో స్తంభం పట్టుకుని నిలబడింది. కాదంటే కాదనొచ్చు, కేకలెయ్యొచ్చు. ఇలా వేళాకోళం చేస్తారా? ఏటిమొగ నుంచి వచ్చిన పిల్ల కదా, దీనికేం జవాబు చెప్పేదనుకున్నారా? తనకి ప్రాణమంత విలువైన మాటనే తీసి మొహాన కొట్టినట్టనిపించింది.

అటెండరు బుల్లిరాజు వరండా చివర బెంచీ మీద కూర్చుని వార్త పేపరు చదువుతున్నాడు. టేపు బీరువా తాళం అతని మొలకే ఉంటుంది.

“బుల్లిరాజు గారూ, పరీక్షకి వేసిన టేపు పాతదేనాండి?”

“కాదమ్మా. ఆగస్టులో వరదనీళ్ళకి బీరువా అంతా చెమ్మెక్కి టేపుకి బూజట్టేసింది. దేవీచౌకు దగ్గర రికార్డింగు షాపులో కొత్త క్యాసెట్టులోకి ఎక్కించాను. ఎ, బి అని కాయితాలు కోసి అంటించింది కూడా నేనే,” అన్నాడు బుల్లిరాజు గర్వంగా.

“ఏ వైపు ఏదో విని అంటించారా?”

“నాకేం తెలుస్తాదమ్మా రాగాలు! మాస్టారికి చూపించాను. టేపులో ఎట్టుకుని విన్నారు. భేషన్నారు.”

అక్కడితో సంగతి తేలిపోయింది. లేబుళ్ళు తారుమారయ్యాయి. అంతే. క్యాసెట్టు పెట్టి మీట నొక్కితే రెండు నిమిషాల్లో ఎవరికైనా తెలిసిపోతుంది. ఎవరికైనా అనుకుంది గానీ, ఎవరికి?

సంగీతం శాఖకి అధిపతి పోస్టు ఖాళీగా ఉండి, ఎకనామిక్సు చెప్పే సత్యప్రసాద్ గారు ఇన్‌చార్జిగా ఉంటున్నారు. ఆయన ఆ అమ్మాయి చెప్పిందంతా ఓపిగ్గానే విన్నారు. విని, పెన్ను మూత పెట్టి, “పదకొండు మందికి పది వచ్చి నీకొక్కదానికే సున్నా వస్తే, తప్పు టేపుదంటావా అమ్మా?” అన్నారు.

“ఒకసారి వేసి వినండి సార్.”

“నేను వింటే నాకేం తెలుస్తుంది? నాకు పాటంటే రేడియోలో వచ్చేదే. మాస్టారు స్పష్టంగా రాశారు కదా, పోయినేడాదివి బట్టీపట్టి వచ్చావని.”

“బట్టీపట్టింది నేను కాదు సార్.”

బట్టీపట్టింది ఎవరో చెప్పాలంటే చీటీ సంగతి చెప్పాలి. చీటీ సంగతి చెబితే పదకొండు మందిని పట్టివ్వాలి. విన్నదానికి బట్టీ అని పేరు, బట్టీ పట్టినవాళ్ళకి పదికి పది. ఇంత అన్యాయం నోటితో చెప్పడానికి కూడా వీల్లేకుండా పోయిందే అని ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. “మాస్టారినే పిలిపించి, నా ముందే వేయించండి సార్. ఆయన టేపు విని కూడా నాది తప్పంటే ఇంక మిమ్మల్ని విసిగించను,” అంది.

సత్యప్రసాద్ గారు గోడ మీది క్యాలెండరు చూసి, బుధవారం పదకొండు గంటలకి అన్నారు.

హాస్టల్లో కబురు అప్పటికే పాకిపోయింది. మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ అమ్మాయి కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. లావణ్య మాత్రం కంచం పట్టుకుని వచ్చి, కూర్చోకుండానే, “నీది కరెక్టని తేలితే మా అందరికీ సున్నాలే కదే. అంతమందిని ముంచి నువ్వొక్కదానివీ గట్టెక్కుతావా?” అంది.

“నేనేం చెయ్యనే మరి? వినలేదని రాసివ్వనా?”

“రాసిస్తే ఏం పోయింది?” అని లావణ్య పక్క బల్లకి వెళ్ళిపోయింది. వీరవేణి చారు కలుపుకున్న అన్నం వదిలేసి లేచింది.

బుధవారం శ్రవణ గదిలో ముగ్గురే ఉన్నారు. సత్యప్రసాద్ గారు కుర్చీలో, మాస్టారు టేపురికార్డరు ముందు స్టూలు మీద, వీరవేణి బల్ల పక్కన నిలబడి. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ‘ఎ’ అని కాగితం అంటించిన వైపు పైకి పెట్టి, టేపు మొదటికంటా తిప్పి, టేపు ఎంత తిరిగిందో అంకెల్లో చూపించే కౌంటరు పక్కనున్న మీట నొక్కి మూడంకెలనీ సున్నాలు చేశారు. తర్వాత ప్లే నొక్కారు.

పదేళ్ళ నాటి చంద్రరావు మాస్టారి గొంతు గదంతా పరుచుకుంది. హిందోళం. సందేహమే లేదు. పంచమం ఎక్కడా తగలదు, రిషభం ఊసే లేదు.

“మోహన,” అన్నారు మాస్టారు.

“హిందోళమండి,” అంది వీరవేణి.

సత్యప్రసాద్ గారు ఇబ్బందిగా నవ్వి, “ఎవరి మాట నమ్మమంటావమ్మా?” అన్నారు.

పాట సాగుతోంది. మాస్టారు తొడ మీద తాళం వేస్తున్నారు. ఆ చెయ్యి చూస్తే వీరవేణికి ఏదో తేడాగా అనిపించింది. టేపులో రూపకం నడుస్తోంది. మాస్టారి చెయ్యి ఆదితాళం వేస్తోంది. చరణం దగ్గర కుదురుతుందేమోనని చూసింది. కుదరలేదు. క్లాసులో ఎవరి వేలు ఒక్క అక్షరం తప్పినా బెత్తం చూపించే మనిషి, తన పాటకి తానే తప్పు తాళం వేసుకుంటున్నారు. ఆయన కళ్ళు మాత్రం కౌంటరు మీదే ఉన్నాయి. యాభై ఆరు. యాభై ఏడు. యాభై ఎనిమిది పడగానే, “ఇది కళ్యాణి,” అన్నారు. మొదటి పాట చివరి వరస ఇంకా టేపులో సాగుతూనే ఉంది.

తలుపు దగ్గరికి బుల్లిరాజు వచ్చి, “సార్, ఫోనండి,” అన్నాడు. సత్యప్రసాద్ గారు లేచి వెళ్ళారు.

వీరవేణి చెయ్యి చాపి, వాల్యూము చక్రం మెల్లగా కిందికంటా తిప్పేసింది. పాట ఆగిపోయింది. క్యాసెట్టు మాత్రం తిరుగుతోంది. కిటికీ బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు కూడా వినపడుతోంది. మాస్టారు తాళం వేస్తూనే ఉన్నారు. ఓ చోట తల పంకించి, “భేష్,” అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

వీరవేణి చెయ్యి చక్రం మీదే ఉండిపోయింది. అప్పుడు ఆయన తలెత్తి ఆ అమ్మాయి మొహం చూశారు. తర్వాత ఆ అమ్మాయి చెయ్యి ఎక్కడుందో చూశారు. తాళం ఆగింది.

“ఎప్పట్నుంచండి?” అంది ఆయనకి ఎదురుగా వచ్చి.

ఆయన ఆ అమ్మాయి పెదవుల వైపు చూస్తూ, “మూడేళ్ళు దాటింది. ముందు ఎడమది, తర్వాత రెండోదీ,” అన్నారు.

“మిషను పెట్టుకోవచ్చు కదండి.”

“మాట తెలుస్తుందన్నారు డాక్టర్లు. శ్రుతి తెలియదన్నారు. చెవిలో మిషను పెట్టుకుని సంగీతం మాస్టారు క్లాసుకెలా వస్తాడమ్మా?”

జాలిపడాల్సిన చోటే అది. పడటం కూడా పడింది. కానీ నాలుగు రోజులుగా కడుపులో మండుతున్నది దానికన్నా గట్టిగా ఉంది. “మా నాన్న ఏట్లో తెడ్డు దింపి, దాని పిడికి చెవి ఆనించి వింటాడండి, కింద చేపల గుంపు ఉందో లేదోనని. వినపడకపోతే లేదంటాడు. ఉందని చెప్పి నలుగురి చేతా వల వేయించడు. మీరు నెంబర్లు చూసుకుంటూ మాకు మార్కులేశారు. విన్నదాన్ని పట్టుకుని బట్టీ అని రాశారు!”

ఆయనకి ఎంతవరకు అందిందో తెలియదు. ఆఖరి మాట మాత్రం అందినట్టుంది. ఎర్ర పెన్ను జేబులోంచి తీసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నారు.

సత్యప్రసాద్ గారు ఉత్సాహంగా తిరిగొచ్చారు. చేతిలో ఓ తెల్లకాగితం. “ఇదిగోనమ్మా, ఎవరికీ ఇబ్బంది లేకుండా దారి చూశాను. వినడంలో పొరపాటు జరిగింది, దయతో గ్రేసు మార్కులు ఇప్పించండి అని రాశాను. కింద సంతకం పెట్టు. నాలుగు మార్కులు కలుపుతాను. పరీక్షకి కూర్చుంటావు, ఎవరి పదీ పోదు.”

వీరవేణి కాగితం చదివింది. ‘వినడంలో పొరపాటు.’ ఒక్క మాట చాలు ఇప్పుడు. మాస్టారికి చెవులు లేవండి అంటే చాలు. ఆ తర్వాత ఈ ఇస్త్రీ చొక్కా, జూన్‌లో పూలదండ, ఇన్నేళ్ళ పేరు, ఏవీ మిగలవు. అనాలనే నోరు తెరిచింది. స్టూలు మీద మాస్టారు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు తన పెదవుల వైపే చూస్తున్నారు. ఆ చూపు చూసి మాట రాలేదు. రానందుకు తన మీద తనకే మంటెత్తింది. పెన్ను తీసుకుని, ‘వీర’ అని రాసింది.

“ఆగమ్మా,” అన్నారు మాస్టారు. కాగితాన్ని రెండు వేళ్ళతో తన వైపు లాక్కుని, “ఆ పాటలు ఏ రాగాలో వరసగా చెప్పు. నా మొహం చూసి చెప్పు,” అన్నారు.

“హిందోళం. కానడ. ఆరభి. కాంభోజి. శహన.”

“బి సైడే,” అన్నారాయన. జవాబు పత్రం తీసి, ఎర్రగా రాసిన వాక్యం మీద రెండు గీతలు గీసి, ఐదు రైట్లు కొట్టి, సున్నా పక్కన ఒకటి పెట్టారు. “నాదే పొరపాటండి. టేపు తిరగబడింది. ఈ అమ్మాయి విన్నది సరైందే.”

“మరి మిగతా పదకొండు మందీ?” అన్నారు సత్యప్రసాద్ గారు తెల్లబోయి.

“సోమవారం మళ్ళీ పెడదాం. వరస మారుస్తాం. టేపు ఈ అమ్మాయి వేస్తుంది, జవాబులు కూడా ఈ అమ్మాయే రాసిస్తుంది. నేను బయట కూర్చుంటాను.”

“అదేంటండి మాస్టారూ! మీరు లోపల లేకుండా పరీక్ష ఏంటి?”

“నేను లోపల కూర్చున్నా బయట కూర్చున్నా ఒకటేనండి సత్యప్రసాద్ గారూ,” అని, ఎర్ర పెన్నుతో తన చెవి మీద ఒకసారి తట్టి, టేపు ఆపేశారు.

సత్యప్రసాద్ గారు ఆ పెన్ను వైపూ, ఆయన చెవి వైపూ చూశారు. చివరికి తన తెల్లకాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

పదికి పది వచ్చింది. సంతోషం రావాలి, రాలేదు. ఎందుకు రాలేదో ఆదివారం బట్టలు ఉతుక్కుంటుంటే తెలిసింది వీరవేణికి. మూడేళ్ళు దాటిందన్నారు ఆయన. తను ఇంటర్వ్యూకి వచ్చి రెండేళ్ళు. చేతిలో పిండుతున్న పావడా అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. కొత్త క్యాసెట్టుకీ భేష్, లేబుళ్ళకీ భేష్, తిరుగుతున్న మూగ టేపుకీ భేష్. ఆ భేషూ ఈ భేషూ ఒకటేనా? ఆ ఒక్క మాట పట్టుకునే కదా ఇంత దూరం వచ్చింది, ఆ మాట పట్టుకునే కదా లావణ్య ముందూ, సత్యప్రసాద్ గారి ముందూ నా చెవి తప్పు కాదని నిలబడింది!

సోమవారం పదిన్నరకి మాస్టారు వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. లోపల పదకొండు మందీ దూరం దూరంగా బెంచీల మీద ఉన్నారు. లావణ్య వీరవేణి వైపు చూడకుండా మొహం తిప్పుకుంది. వీరవేణి క్యాసెట్టు చేతిలో పట్టుకుని వెళ్ళి ఆయన ఎదుట నిలబడింది. ఈసారి తల వంచుకోలేదు.

“మాస్టారూ, ఇంటర్వ్యూలో నేను పాడితే భేష్ అన్నారు. ఆ పాట మీకు వినపడిందాండి?”

అవునంటే సరిపోయేది. అనమని లోలోపల బతిమాలుకుంది కూడా.

“లేదమ్మా,” అన్నారాయన. “నీ పాట నేనెప్పుడూ వినలేదు.”

“మరెందుకన్నారు?”

“అందరూ నా నోటి వంక చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి. పాడేటప్పుడు నీ మొహంలో బెదురు లేదు. బాగానే పాడుతున్నావనుకున్నాను.”

“అనుకున్నారు,” అంది వీరవేణి. వాళ్ళ నాన్న పడవ పడవకీ మోసుకెళ్ళిన మాట అది. ఆయన మీద అరవాలనిపించింది. అరిచినా వినపడని మనిషి మీద అరిచి ఏం లాభం? తను బాగా పాడుతుందో లేదో ఈ ఊళ్ళో చెప్పినవాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ లేరు. చెప్పించుకోవాలంటే మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి, ఎవరి దగ్గరో.

లోపలికి వచ్చి క్యాసెట్టు పెట్టింది. నోటుబుక్కులోంచి కాగితం ముక్క చింపి, జిగురు రాసి, కౌంటరు అంకెలు కనపడకుండా అంటించింది. టేపుని ముందుకీ వెనక్కీ తిప్పి, తను ఎంచుకున్న చోట ఆపింది. “మొదటి పాట,” అని చెప్పి ప్లే నొక్కింది.

ఎవరి పెన్నూ కదల్లేదు. పదకొండు మందీ కాగితాలు వదిలేసి టేపురికార్డరు వైపు చూశారు. లావణ్య కళ్ళు గట్టిగా మూసుకుంది.

వీరవేణి కిటికీలోంచి బయటికి చూసింది. మాస్టారి గొంతు ఆ కిటికీలోంచే వరండాలోకి వెళుతోంది. ఆయన కుర్చీలో నిటారుగా, గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. చెయ్యి మోకాలి మీద ఉంది. ఈసారి తాళం వెయ్యడం లేదు.